పోపుల పెట్టె - చక్కెర వ్యాధి

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల కార్యదర్శులకు, పాల పరీక్షకులకు జరిగిన శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠము)



కార్యక్రమ పత్రంలో నా పేరుకెదురుగా "ఆడిట్ అభ్యంతరాలు - సవరణలు" అని అచ్చయి ఉన్నది. ఆ సంగతి రేపు ఉదయం మాట్లాడుకొందాము. అధ్యక్షులవారి అనుమతితో ఈ గంటను మరొక విషయానికి వాడుకొంటున్నాను. నేను డాక్టరును కాను. సహకార డిప్లొమా తప్ప వేరే చదువు లేదు. అయితే నాకు చక్కెర వ్యాధి వచ్చి పదకొండేండ్లయినది. ఇందాక టీ వేళ "నాకు చక్కెర లేకుండా" అన్నవారిని ఊరికే లెక్కపెట్టాను. పద్నాలుగు మంది తేలారు. ఆ టీ తాగుతూనే ఒక సోదరుడు జేబులోనుండి పొట్లం తీసి ప్రక్కవారికి పంచుతున్నాడు. మెంతులు, జీలకర్ర, దాల్చినచెక్క, పసుపు కలిపి కొట్టిన పొడి. "ఇది వాడితే మాత్రలతో పనిలేదు సార్" అని నా చేతిలోనూ ఒక చెంచా వేశాడు.

ఆయనను తప్పుపట్టటానికి నాకు నోరు లేదు. ఆ మాట ఒకప్పుడు నేనూ అన్నాను. ముందుగా అదే చెప్పవలసి ఉన్నది.

వ్యాధి బయటపడినప్పుడు నా వయస్సు నలభై నాలుగు. డాక్టరు మెట్‌ఫార్మిన్ మాత్రలు వ్రాశాడు. మూడేండ్లు వాడాను. తరువాత మా బంధువు ఒకాయన ఇలాంటి పొడినే చెప్పాడు. మాత్రలు వేసుకొంటూనే రెండు నెలలు పొడి తిన్నాను. అదే రోజుల్లో రాత్రిపూట అన్నం మాని రెండు జొన్నరొట్టెలకు దిగాను, ఉదయం నడక మొదలుపెట్టాను. పరగడుపున చేసిన పరీక్షలో చక్కెర దిగింది. మూడు పనులు చేసినవాడిని, ఘనతంతా పొడికే ఇచ్చాను. చేదుగా ఉన్నదానిమీద మనకు నమ్మకం ఎక్కువ. మాత్రలు మానివేశాను.

మానివేసి ఊరుకోలేదు. తనిఖీకి వెళ్ళిన ప్రతి సంఘంలోనూ చెప్పాను. ఒక సంఘ కార్యదర్శి, ఇరవై ఏండ్లనుండి లెక్క తప్పనివాడు, నామాట శ్రద్ధగా విన్నాడు. "మీరు మానేశారాండీ?" అని రెండుసార్లు అడిగాడు. "మానేశాను, నువ్వూ చూడు" అన్నాను. ఎనిమిది నెలల తరువాత నా మూడు నెలల సగటు పరీక్ష, హెచ్‌బీఏ1సీ అంటారు, పదికి పైగా వచ్చింది. మళ్ళీ మాత్రలు మొదలుపెట్టాను. అప్పటికి నాకు వేరే డివిజనుకు బదిలీ అయినది. ఆయనకు ఒక కార్డుముక్క వ్రాయలేదు, ఫోను చేయలేదు. సిగ్గుపడి ఊరుకొన్నానని ఇప్పుడు ఒప్పుకొంటున్నాను.

ఏడాది గడిచాక ఆ ఊరు వెళ్ళవలసి వచ్చింది. పాల కేంద్రంలో కార్యదర్శి కుర్చీలో ఆయన కూతురు కూర్చుని చీటీలు వ్రాస్తున్నది. పశువుల కొట్టంలో మేకు దిగిందట. కాలికి స్పర్శ లేక నాలుగు రోజులు తెలియలేదు. పుండు ముదిరి పట్నం ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసివేశారు. ఆయన నన్నొక్క మాట అనలేదు, కుర్చీ వేయించాడు. ఆయన భార్య మాత్రం మజ్జిగ గ్లాసు చేతికిస్తూ, "తమరు చెప్పారనే గదండీ మానేశారు" అన్నది. ఈ సంగతి ఆయన అనుమతితోనే చెపుతున్నాను. పేరు, ఊరు చెప్పవద్దన్నాడు.

భారత వైద్య పరిశోధనా మండలి జరిపించిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వచ్చినవి. మన దేశంలో చక్కెర వ్యాధిగ్రస్తులు పది కోట్ల మందికి పైగా, వ్యాధి అంచున ఉన్నవారు పదమూడు కోట్ల మందికి పైగా ఉన్నారని అందులో తేలింది. ఇది పట్నవాసపు షావుకార్ల జబ్బు అనుకొనే కాలం పోయింది.

వ్యాధి ఏమిటో రెండు మాటల్లో చెపుతాను. తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలో కలుస్తుంది. దానిని కండరాలలోకి పంపించే తాళంచెవి ఇన్సులిను. కొందరు పిల్లలలో అది అసలే ఊరదు. మనబోటివారిలో ఊరినా సరిగా పనిచేయదు, క్రమంగా ఊరటం తగ్గుతుంది కూడా. 1921లో కెనడాలోని టొరంటో నగరంలో బాంటింగ్, బెస్ట్ అనేవారు ఇన్సులినును వేరుచేశారు. 1922 జనవరిలో ఒక బాలునికి మొదటి సూది ఇచ్చారు. అంతకు ముందు ఇన్సులిను ఊరని పిల్లలు బ్రతికేవారు కారు. ఆనాడూ మెంతులున్నవి, పసుపున్నది. మీ ఊళ్ళో అటువంటి బిడ్డ ఉంటే, సూది మాన్పించి పొడి పెట్టండని ఎవరైనా చెపితే, వాళ్ళను వాకిలి దాటనివ్వవద్దు. ఆ విషయంలో రెండో మాట లేదు.

ఇక పోపుల పెట్టె తెరుద్దాము. మనం పాలను చూసి "చిక్కగా ఉన్నవి" అని డబ్బు లెక్కకట్టము. వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. తీసి కడతాము. దినుసులనూ అట్లాగే చూడాలి. పనిచేస్తుందా అని అడిగితే చాలదు. ఎంత తింటే, ఎవరికి, ఎన్నాళ్ళకు అని అడగాలి.

మెంతులమీద జరిగినంత పరిశోధన మన పోపు దినుసుల్లో బహుశా మరి దేనిమీదా జరగలేదు. అందులో ముఖ్యమైన పని మన హైదరాబాదులోనే జరిగింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ అది. అక్కడి శాస్త్రజ్ఞులు 1990లో ఒక పరిశోధన ప్రచురించారు. ఇన్సులిను మీద ఆధారపడిన రోగులకు, నూనె తీసిన మెంతిపిండి రోజుకు 100 గ్రాములు, రెండు పూటల భోజనంలో సగం సగం కలిపి పది రోజులు పెట్టారు. పరగడుపు చక్కెర తగ్గింది. మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది. కొలెస్టరాలు కూడా తగ్గింది.

ఇంతవరకు పొడి అమ్మేవాళ్ళు కూడా చెపుతారు. మిగిలినది చెప్పరు. టీ చెంచాడు మెంతులు సుమారు 4 గ్రాములు తూగుతవి. 100 గ్రాములంటే పాతిక చెంచాలు. వాళ్ళెవరూ ఇన్సులిను మానివేసినవారు కారు. పరీక్ష జరిగినది పది రోజులు. అంటే మెంతికి గుణమున్నదని ఆ పరిశోధన గట్టిగానే చెపుతున్నది. చెంచాడు మెంతిపొడి మాత్రకు బదులు అవుతుందని ఎక్కడా చెప్పలేదు.

దీనికంటె మనకు పనికివచ్చేది మరొకటున్నది. 2015లో ప్రచురితమైనది, ఇదీ హైదరాబాదు డాక్టర్లు చేసినదే. వ్యాధి ఇంకా రాకుండా అంచున ఉన్న 140 మందిని తీసుకొన్నారు. కొందరికి రోజుకు 10 గ్రాముల మెంతిపొడి, రెండు విడతలుగా భోజనానికి ముందు, మూడేండ్లు ఇచ్చారు. తిననివారికి వ్యాధి వచ్చే అవకాశం తిన్నవారికంటె సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా కనిపించింది. చిన్న పరిశోధనే, దానితోనే అంతా తేలిపోయిందనటానికి లేదు. కాని 10 గ్రాములంటే రెండున్నర చెంచాలు. మన వంటింట్లో సాధ్యమయ్యే కొలత అది. మనకు వ్యాధి వచ్చింది సరే, మన తమ్ముళ్ళు, కొడుకులు, కూతుళ్ళు అంచున ఉండి ఉంటారు. మెంతులు వాళ్ళకు ఎక్కువ ఉపయోగం.

మెంతి ఎట్లా పనిచేస్తుందో మీ ఇంట్లోనే చూడవచ్చు. రాత్రి నానవేసిన మెంతులను ఉదయం వ్రేళ్ళమధ్య నలిపితే జిగురు తగులుతుంది. ఆ జిగురు ఒక రకం పీచు. కడుపులో అన్నంతో కలిసి దానిని చిక్కబరుస్తుంది, చక్కెర రక్తంలోకి ఒక్కసారిగా పోకుండా నెమ్మదింపజేస్తుంది. కనుక మెంతులు భోజనంతోనో, కొంచెం ముందో తినాలి. నానిన నీళ్ళు తాగి గింజలు పారవేసేవారున్నారు. వెన్న తీసుకొందామని పాలు మరపట్టి, వెన్న వదిలేసి మజ్జిగ తెచ్చుకొన్నట్లుంటుంది. గింజతో సహా నమలాలి. పోపులో నల్లగా మాడిన పది గింజలు వాసనకే.

మా ఇంట్లో పద్ధతి చెపుతాను. రాత్రి ఒక చెంచాడు మెంతులు పుల్ల మజ్జిగలో నానవేస్తారు. మధ్యాహ్నం ఆ మజ్జిగలోనే కరివేపాకు, అల్లం, పచ్చిమిర్చి నూరి కలిపి అన్నానికి ముందు తాగుతాను, గింజలు నములుతాను. మజ్జిగలో నానితే చేదు సగం చస్తుంది. ఇంకొక చెంచాడు దోర వేయించి పొడిచేసి రాత్రి కూరలో చల్లుతారు. దోసెల పిండిలో మినుములతోబాటు మెంతులు వేయటం మన అమ్మమ్మల నాటినుండీ ఉన్నదే. కొత్తగా మొదలుపెట్టేవారు అరచెంచాతో మొదలుపెట్టండి. మొదటిరోజే మూడు చెంచాలు తిని, కడుపుబ్బి, విరేచనాలై, పాల వ్యాను మీద రాలేకపోయిన మిత్రుడొకరు ఈ హాలులోనే ఉన్నారు. వేరుశనగ, శనగలు పడనివారికి మెంతులూ పడకపోవచ్చు. గర్భిణీలు కూరలో పోపులో తప్ప మందుగా తినరాదు. గుండెజబ్బుకు రక్తం పలచబడే మాత్రలు వేసుకొనేవారు డాక్టరుకు చెప్పకుండా తినవద్దు.

పసుపు సంగతి. 2012లో థాయిలాండులో ఒక పరిశోధన వెలువడింది. అంచున ఉన్న 240 మందిలో సగం మందికి పసుపులోని కుర్కుమిను అనే సారం రోజుకు ఒకటిన్నర గ్రాము చొప్పున తొమ్మిది నెలలు ఇచ్చారు. వాళ్ళలో ఒక్కరికీ వ్యాధి రాలేదు, ఇవ్వనివారిలో 16 శాతం మందికి వచ్చింది. చదివినప్పుడు నాకు చాలా ఉత్సాహం కలిగింది. తరువాత కాగితం పెన్సిలు తీసుకొన్నాను. పసుపులో ఆ సారం ఉండేది నూటికి రెండు మూడు పాళ్ళు, మంచి రకాల్లో ఇంకొంచెం. మూడు పాళ్ళనుకొన్నా, ఒకటిన్నర గ్రాము సారం రావాలంటే రోజుకు 50 గ్రాముల పసుపు తినాలి. నలుగురున్న మా ఇంట్లో అది పదిహేను రోజుల ఖర్చు. పాలల్లో చిటికెడు పసుపు వేసుకొని తాగటంలో దోషం లేదు, జలుబుకు హాయిగా ఉంటుంది. చక్కెరకు మాత్రం అది లెక్కలోకి రాదు. మరొక మాట. నిగనిగలాడే పసుపుపొడిలో సీసం ఉన్న రంగు కలిపిన కేసులు దేశంలో పలుచోట్ల పట్టుబడినవి. అటు నిజామాబాదు, ఇటు దుగ్గిరాల పసుపు మార్కెట్లు పెట్టుకొని మనం పొడి పొట్లాలు కొనటమెందుకు? కొమ్ములు తెచ్చి కొట్టించుకోండి.

దాల్చినచెక్క 2003లో పేరుపొందింది. పాకిస్తానులోని పెషావరులో 60 మందిమీద నలభై రోజులు పరీక్షించి, పరగడుపు చక్కెర నూటికి 18నుండి 29 వరకు తగ్గిందన్నారు. తరువాత ఇతర దేశాలలో చేసినవాటిలో కొన్ని తగ్గిందన్నవి, కొన్ని లేదన్నవి. ఈ గొడవ ఇంకా తెగలేదు. మనకు బజారులో ఎక్కువగా దొరికే మందపాటి బెరడు అసలు సింహళపు దాల్చిన కాదు, కాసియా అనే వేరు చెట్టుది. అందులో కౌమరిన్ అనే పదార్థం ఎక్కువ. అది రోజూ చెంచాలకొద్దీ నెలల తరబడి పోతే కాలేయానికి చెరుపు. పలావులో ముక్కకు భయంలేదు. చెంచా లెక్కన పొడి తినేవారు మానుకోవటం మంచిది. నేను మానుకొన్నాను.

జీలకర్ర, ధనియాలు, మిరియాలు, ఇంగువ - వీటిమీద చిన్న చిన్న పరిశోధనలున్నవి, పట్టుకొని వ్రేలాడవలసినంత లేదు. కాకరకాయ పోపుల పెట్టెలోది కాదు గనుక వదిలివేస్తున్నాను. అయితే చేదు పోవటానికి బెల్లం దట్టించి వేయించిన కాకరకాయ కూర తిని, "షుగరుకు మంచిదని తిన్నాను" అనేవారిని నేను ఎరుగుదును. బెల్లమైనా, తేనె అయినా, చక్కెర అయినా ఈ వ్యాధికి ఒకే పద్దు.

దినుసుల అసలు ఉపకారం వేరే ఉన్నదని నా అభిప్రాయం. మన పళ్ళెంలో అన్నం కొండ, కూర చెంచాడు. అన్నం సగం చేసి కూర, పప్పు రెట్టింపు చేయమని ఏ డాక్టరైనా చెపుతాడు. చెప్పటం తేలిక. ఉప్పు, నూనె తగ్గించి, అన్నం తగ్గించిన భోజనం చప్పగా ఉండి నాలుగో రోజుకు ఎవరూ తినరు. అక్కడ పోపుల పెట్టె ఆదుకొంటుంది. వేయించిన జీలకర్ర, మిరియాల చారు, మెంతికూర పప్పు, కరివేపాకు పొడి, వీటితో తక్కువ అన్నం తినగలుగుతాము. మా ఆవిడ ఏడాదిపాటు చేసి చూపించిన పని ఇది. నా మాత్రల మోతాదును డాక్టరు తగ్గించినది ఆ ఏడాదే. తగ్గించినది డాక్టరు, నేను కాదు. జొన్నరొట్టె, రాగిజావ తింటున్నాము గదా అని కొలత మరచిపోతే అవీ చక్కెరను పెంచుతవి.

టీ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మన వృత్తిలో అది జీతంలో భాగం. ఫ్యాట్ తగ్గిందని రైతు తగాదాకు వస్తే టీ, వ్యాను డ్రైవరు వస్తే టీ, సూపర్‌వైజరు వస్తే టీ, నాలాంటివాడు వస్తే రెండు టీలు. రోజుకు ఆరు టీలు, టీకి రెండు చెంచాల చక్కెర అనుకొంటే సుమారు 50 గ్రాములు. ఆ చక్కెర తాగుతూ చెంచాడు మెంతులు నమలటం, క్యానుకు చిల్లి ఉంచి పాలు పోయటం లాంటిది.

పాలు మానాలా అని మన సంఘాలలో అడుగుతుంటారు. నన్నడిగితే పాల సంఘం ఉప్పు తిన్నవాడిని గనుక పక్షపాతం ఉంటుందేమో, డాక్టరునడిగి చెపుతున్నాను. మానవలసిన పని లేదు. పాలలోనూ సహజమైన చక్కెర నూటికి ఐదు పాళ్ళవరకు ఉంటుంది, గ్లాసుకు పది గ్రాములు. దానిని లెక్కలో వేసుకొని చక్కెర కలపకుండా తాగవచ్చు. గేదెపాలల్లో వెన్న ఎక్కువ గనుక మీగడ తీసినవి మేలు. పెరుగు, మజ్జిగ ఇంకా మంచివి.

ఇప్పుడు మనవాళ్ళకు ప్రత్యేకంగా ఉన్న ఒక ప్రమాదం. కార్యదర్శి తెల్లవారి ఐదింటికి కేంద్రం తెరుస్తాడు. మాత్ర వేసుకొని వస్తాడు. సేకరణ అయి, వ్యాను పోయి, చీటీలు తేలేసరికి తొమ్మిదిన్నర. అప్పుడుగాని టిఫిను లేదు. గ్లిబెంక్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు ఉన్న చక్కెరను ఇంకా దించుతవి. దానిమీద ఖాళీ కడుపున మెంతిపొడి కూడా వేస్తే ఏడున్నరకు చెమటలు పడతవి, చేతులు వణుకుతవి, ఫ్యాట్ రీడింగు కళ్ళకు అలుక్కుపోతుంది. రైతులు "పొద్దున్నే తాగి వచ్చాడు" అనుకొన్న ఉదంతం నాకు తెలుసు. చక్కెర 70కి దిగువకు పడితే అది అపాయం. వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలుపుకొని తాగాలి, పావుగంట చూసి తగ్గకపోతే మళ్ళీ తాగాలి, తరువాత ఏదైనా తినాలి. కేంద్రంలో పరీక్ష సామాను ప్రక్కన చక్కెర డబ్బా ఒకటి ఉంచండి. మీ వేళలు ఇవీ అని డాక్టరుకు చెప్పండి. చెపితే మాత్ర వేళ మార్చి వ్రాస్తాడు. చెప్పకపోతే ఆఫీసు గుమస్తాకు వ్రాసినట్లే మీకూ వ్రాస్తాడు.

మొక్కలమీద గౌరవంతో "ఇంగ్లీషు మందులు" వద్దనేవారికి ఒక సంగతి చెప్పాలి. మెట్‌ఫార్మిన్ వంశమూలం ఒక మొక్క. ఐరోపాలో గలేగా అనే మొక్కను పూర్వం ఈ జబ్బుకు వాడేవారు. అదీ మెంతి చెట్టూ ఒకే చిక్కుడు కుటుంబానివి. అందులోని పదార్థం విషమని తెలిసి, దాని పోలికనే విషం తగ్గించి తయారుచేసుకొంటూ వచ్చారు. చివరకు 1957లో ఫ్రాన్సులో మెట్‌ఫార్మిన్ వాడుకలోకి వచ్చింది. మొక్కకూ మాత్రకూ వైరం లేదు. మాత్రలో కొలత ఉన్నది, అంతే తేడా.

నా శాఖ భాషలో పరీక్షల గురించి చెపుతాను. తనిఖీకి వస్తున్నారని తెలిసి, బావమరిది దగ్గర పదివేలు చేబదులు తెచ్చి రొక్కం నిల్వ సరిచూపించే కార్యదర్శులున్నారు. (నవ్వులు) పరగడుపు పరీక్ష అటువంటిది. ముందురోజు రాత్రి పస్తుంటే నిల్వ బాగా కనిపిస్తుంది. పొడి తిన్న మొదటి వారాలలో నన్ను మోసం చేసినది అదే. హెచ్‌బీఏ1సీ అట్లా కాదు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బ్రతుకుతుంది. అన్నాళ్ళూ రక్తంలో తిరిగిన చక్కెర దానికి అంటుకొని ఉంటుంది. అది లెడ్జరు, చేబదులుకు లొంగదు. ఆరున్నర, అంతకు పైన వస్తే వ్యాధి. వ్యాధి ఉన్నవారిలో చాలామందికి ఏడులోపు ఉంచమంటారు, వయస్సును బట్టి డాక్టరు నిర్ణయిస్తాడు. రక్తహీనత ఉన్నవారికి ఈ పరీక్ష ఒక్కొక్కప్పుడు తప్పు చూపుతుంది, ఆడవారు ఆ సంగతి చెప్పి చేయించుకోవాలి. పరగడుపున 126, ఆపైన రెండుసార్లు వచ్చినా వ్యాధే. ముప్పై ఏండ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో చక్కెర పరీక్ష ఉచితంగా చేస్తారు. మెట్‌ఫార్మిన్ కూడా అక్కడ ఉచితంగా ఇచ్చేదే. మెంతులు తినదలచినవారు తినండి. మూడు నెలలకొకసారి లెడ్జరు చూపించుకొని తినండి. మార్పు కనిపిస్తే డాక్టరే తగ్గిస్తాడు.

చివరగా, శాఖాపరంగా నేను చెప్పితీరవలసినది. గత సంవత్సరం నా పరిధిలోని ఒక సంఘానికి పొడి డబ్బాల ఏజెంటు వచ్చాడు. డబ్బా 450 రూపాయలు, సంఘానికి డబ్బాకు 60 రూపాయల కమీషను, సొమ్ము సభ్యుల పాల బిల్లులో పట్టుకోవచ్చు. పాలకవర్గం తీర్మానం చేసింది కూడా. మినిట్సు పుస్తకంలో దాణా బస్తాల తీర్మానం క్రిందనే ఉన్నది. నేను అభ్యంతరం వ్రాశాను. డబ్బామీద "మధుమేహం శాశ్వతంగా నయం" అని అచ్చువేశారు. చక్కెర వ్యాధిని నయంచేస్తామని ప్రకటించటం 1954 నాటి ఔషధాలు, మాయ చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం క్రింద నేరం. లోపల ఏ దినుసు ఎంతో వ్రాయలేదు. ఇటువంటి పొడులలో దొంగతనంగా గ్లిబెంక్లమైడ్ వంటి మాత్రల మందే కలిపిన సందర్భాలు దేశంలో, విదేశాలలో బయటపడినవి. అది తిని చక్కెర దిగితే, "చూశారా, పొడి మహిమ" అంటారు. ఒక డైరెక్టరుగారు నాతో, "మెంతులేగదండీ, విషం కాదుగదా, ఎందుకింత పట్టుదల?" అన్నారు. ఆయనకు నా పాత కార్యదర్శి కథ చెప్పాను. అయినా వెంటనే ఒప్పుకోలేదు. సంఘానికి వచ్చే కమీషను పోతున్నదని ఆయన బాధ, అందులోనూ న్యాయం లేకపోలేదు. పాల బిల్లులో పట్టుకొన్న డబ్బు సంఘం మాటమీద సభ్యుడు ఇచ్చిన డబ్బు. ఇన్‌స్పెక్టరు చెప్పాడని ఒకడు నమ్మితేనే అంత జరిగింది. సంఘమే చెప్పిందని మూడువందల మంది నమ్మితే? తరువాతి సమావేశంలో తీర్మానం రద్దయినది. ఆ డైరెక్టరుగారు ఇప్పటికీ డబ్బాలు తన ఇంట్లో అమ్ముతున్నారని విన్నాను. అది నా తనిఖీ పరిధిలోనిది కాదు.

అదే సంఘం ఈ ఏడాది చక్కెర చూసే చిన్న యంత్రం ఒకటి కొన్నది. పాల బిల్లు పంచే రోజున ఊరి ఆరోగ్య కార్యకర్తను పిలిచి సభ్యులకు పరీక్ష చేయిస్తున్నది. చేయించదలచినవారు ఒకటి గుర్తుంచుకోవాలి. మనిషికొక కొత్త సూది వాడాలి. పొదుపు అక్కడ చూపించవద్దు.

కాళ్ళ గురించి రెండు మాటలు. పేడకళ్ళెత్తేటప్పుడు, కొట్టంలో తిరిగేటప్పుడు వట్టికాళ్ళతో ఉండవద్దు, ముందుభాగం మూసి ఉన్న చెప్పులు వేసుకోండి. రాత్రి పడుకోబోయే ముందు కాళ్ళు కడిగి, వ్రేళ్ళ సందులు తుడిచి, అరికాలు దీపం వెలుగులో చూసుకోండి. కనపడకపోతే ఇంట్లోవాళ్ళను చూడమనండి. చీము, నలుపు, చిన్న పుండు ఏది కనిపించినా పసుపు అద్ది కూర్చోక మరునాడే ఆసుపత్రికి వెళ్ళండి. నా మిత్రుడు మళ్ళీ కేంద్రానికి వస్తున్నాడు. కుర్చీ మాత్రం కూతురికే వదిలాడు, ఆ అమ్మాయి లెక్కలు తండ్రివాటికంటె శుభ్రంగా ఉన్నవి. ఆయన మాత్రా వేసుకొంటాడు, మెంతిమజ్జిగా తాగుతాడు.

సాయంత్రం సేకరణకు దగ్గర ఊళ్ళవారు లేవాలని తొందరపడుతున్నారు. పొట్లమిచ్చిన సోదరునికి ఒక మాట. మీ పొడి రుచి చూశాను, జీలకర్ర బాగా వేగింది, మజ్జిగలోకి బాగుంటుంది. దాల్చినచెక్క తీసివేయండి. మాత్రలు ఎన్ని రోజులనుండి మానినారో బయట వరండాలో ఉన్న నర్సమ్మగారితో చెప్పండి. ఆమె ఐదింటిదాకా ఉంటుంది, పరీక్ష యంత్రం వెంట తెచ్చింది. నేనూ వస్తాను, నాదీ చూపించుకోవలసి ఉన్నది.